పెద్దల పాటలు, పిల్లల బొంత

మన షోలాపూరు తెనుగిండ్లలో బొంత లేని ఇల్లు అరుదు. అమ్మమ్మ కట్టి విడిచిన నేతచీర, తండ్రిగారి పాతపంచె, ఎదిగిపోయిన బిడ్డ చొక్కా - వీని నన్నింటిని ముక్కలుగా కత్తిరించి, పొరలుగా పేర్చి, పొడుగు కుట్లతో కుట్టిన దుప్పటియే బొంత. మన మరాఠీ ఇరుగుపొరుగువారు దీనినే గోధడి యందురు. బొంతలోని ఏ ముక్కయు క్రొత్తది కాదు. ఐనను బొంత క్రొత్తదే. దానిని కుట్టిన చేతిని దొంగచేయి యని యెవ్వరును అనరు. అయితే ఆ ముక్కలలో నొకటి పొరుగింటి దండెము మీదినుండి అడుగక తెచ్చినదైనచో నేమందుము? చదువరులకు వింతగా తోచవచ్చును గాని, ఈ ప్రశ్న నాకు కలిగినది ఒక అమెరికా సంగీతపు ఆల్బమును వినుచుండగా.

దసరా సెలవులకు పుణె నుండి వచ్చిన మా మనుమడు తన ఫోనులో దానిని వినిపించినాడు. హిప్ హాప్ అనగా అరచుట, తిట్టుట తప్ప వేరేమియు కాదని అంతవరకు నా నమ్మకము. “ఒక్క పాట వినుండ్రి తాతా, నచ్చకుంటే బంద్ చేస్త” అని వాడు బ్రతిమాలినందున కూర్చుంటిని. ఒక్క పాటకై కూర్చున్నవాడను ఆల్బమంతయు వింటిని. మరునాడు నేనే అడిగి మరల పెట్టించుకొంటిని. ఆ ఆల్బము పేరు ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’. చేసినవారు ‘డి లా సోల్’ అను ముగ్గురు నల్లజాతి యువకులు. న్యూయార్కులోని టామీ బాయ్ అను రికార్డు సంస్థ దీనిని 1989 మార్చి 3వ తేదీన వెలువరించినది. ప్రత్యామ్నాయ హిప్ హాప్ అని నేడు పిలువబడు శాఖకు ఆదిగ్రంథములలో నొకటిగా విమర్శకులు దీనిని పేర్కొందురు.

ఈ సంగీతపు పుట్టుక తెలియనివారికై రెండు మాటలు. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున, ఒక అద్దె యిండ్ల భవనములో జరిగిన వేడుకయందు, జమైకా ద్వీపమునుండి బాల్యముననే వలస వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు రికార్డులు వేసెను. పాటలో గానము ఆగి మద్దెలమాత్రము మ్రోగు భాగమే నాట్యమాడువారికి ప్రీతికరమని గ్రహించి, ఆ భాగమునే పొడిగించుట అతడు కనిపెట్టిన ఉపాయము. ఆ లయపై మాటలను ప్రాసలతో, విసురుతో, తాళము తప్పక పలుకుట క్రమముగా ఒక కళయైనది. తరువాతి దశలో, పాత రికార్డులోని ఒక చరణమునో, ఒక వాద్యపు విరుపునో యంత్రములో బంధించి, కావలసినచోట మరల మరల మ్రోగించు పద్ధతి వచ్చినది. దీనినే శాంప్లింగ్ అందురు. మన బుర్రకథ వినిన చెవికి ఈ కళ పూర్తిగా అన్యము కాదు. కథకుడు, హాస్యము చెప్పు వంత, రాజకీయము చెప్పు వంత - ముగ్గురు కలిసి, మాటకు మాట అందించుకొనుచు నడపు కథనమది. ఒకదానినుండి మరొకటి పుట్టినదని నేననుట లేదు. డి లా సోల్ కూడ ముగ్గురే. వారి ఆల్బములో మొదట వచ్చు పాటయు మూడు అను సంఖ్య మహిమను గూర్చినదే యని మాత్రము చెప్పుచున్నాను.

ఆ ముగ్గురు కెల్విన్ మెర్సర్, డేవిడ్ జోలికోర్, విన్సెంట్ మేసన్. వీరు న్యూయార్కు నగరములో పుట్టి, తల్లిదండ్రులతో లాంగ్ ఐలండులోని ఆమిటీవిల్ అను శివారు పట్టణమునకు చేరి, అచ్చటి హైస్కూలులో కలిసికొన్నవారు. అదే ఊరివాడైన పాల్ హ్యూస్టన్, ‘ప్రిన్స్ పాల్’ అను పేర ప్రసిద్ధుడు, ఈ ఆల్బమునకు నిర్మాత. బిరుదులు పెట్టుకొనుటలో కూడ వీరి కొంటెతనము కనబడును. జోలికోర్ తనకిష్టమైన పెరుగు పేరును ఇంగ్లీషులో తలక్రిందులు చేసి ‘ట్రుగోయ్’ అని పెట్టుకొనెను. మెర్సర్ పేరు ‘పోస్డ్‌న్యూస్’ కూడ అట్లే అక్షరములు త్రిప్పిన మాటయే. వీరును, జంగిల్ బ్రదర్స్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ మొదలగు మిత్రబృందములును కలిసి తమ కూటమికి ‘నేటివ్ టంగ్స్’ అని నామకరణము చేసికొనిరి. అనగా మాతృభాషలు. ఈ మాట వినినప్పుడు నేను కొంచెము సేపు మౌనముగా నుంటిని. బానిసలుగా ఓడలలో తేబడిన వీరి పూర్వుల భాషలు ఆ దేశమున నిలువలేదు. మనమో, మగ్గముతోపాటు మాటనుగూడ మోసికొని వచ్చి, తరములు గడచినను ఇంట తెనుగు పలుకుచున్నాము. భాష పోయిన జాతి పిల్లలు, తమ తల్లిదండ్రుల గ్రామఫోను రికార్డులనే భాషగా చేసికొని మాటలాడిరనుటకు ఈ ఆల్బమే నిదర్శనము.

ఆ రికార్డుల పెట్టె ఎంత విశాలమైనదో చూడుడు. ఆల్బము పేరే జానీ క్యాష్ అను తెల్లజాతి పల్లెపాటల గాయకుని పాటనుండి వచ్చినది. 1937లో ఆర్కన్సా రాష్ట్రమున వచ్చిన వరదను, నీరు అడుగడుగునకు ఎత్తు పెరుగుటను ఆయన 1959లో పాడినాడు. ఆ కంఠమే ఇందులో ఒక ముక్కగా వినబడును. మూడు సంఖ్య పాటకు మూలము 1973లో బాబ్ డరో అమెరికా టెలివిజనులో బాలల గణితపాఠముగా పాడిన పాట. ‘మీ మైసెల్ఫ్ అండ్ ఐ’ పాటకు ఆధారము ఫంకడెలిక్ బృందపు నాట్యసంగీతము. ‘పాట్‌హోల్స్ ఇన్ మై లాన్’ అను పాటలో వినబడు నాదము మనకు చిరపరిచితము: అది మోర్సింగు. మన కచ్చేరీలలో తని ఆవర్తనమున ఘటము ప్రక్కన మ్రోగు ఆ చిన్న వాద్యపు జాతియే, పార్లమెంట్ అను బృందపు 1970 నాటి రికార్డునుండి వచ్చి, ఇక్కడ పలుకుల నడుమ జుమ్మని మ్రోగుచుండును.

వీనిలో నాకు మిక్కిలి నచ్చినది ‘ఐ నో’ అను ప్రేమగీతము. ఇందు రెండు ముక్కల అతుకు విమర్శకుడు గమనింపదగినది. ఓటిస్ రెడింగ్ అను గొప్ప నల్లజాతి గాయకుడు 1967 డిసెంబరులో విమానప్రమాదమున మరణించుటకు కొలదిదినముల ముందు పాడిన పాట చివర ఈలవేసినాడు. ఆ ఈల ఒక ముక్క. స్టీలీ డాన్ అను బృందము 1977లో స్టూడియోలో ఎంతో నగిషీతో చేసిన పాటలోనిది రెండవ ముక్క. ఒకటి మరణమునకు ముందటి ఒంటరితనపు నాదము. వేరొకటి నిగనిగలాడు ఉల్లాసము. సంగీత విపణిలో ఈ రెండును వేరువేరు అరలలోనివి. ఈ పిల్లలు ఆ రెండింటిని ప్రక్కప్రక్కన కుట్టగా, ఈలలోని దిగులు మాయమై, నచ్చిన పిల్ల ఇంటివైపు నడచిపోవు కుర్రవాని ఈలగా మారినది. ముక్కను తెచ్చుట ఎవ్వరికైనను సాధ్యము. తెచ్చిన ముక్క అర్థమును మార్చుటయే కళ.

పలుకుల తీరునందును ఈ ఆల్బము క్రొత్తదారి త్రొక్కినది. ఆనాటి హిప్ హాప్ కవులలో పలువురు మెడలో బంగారు గొలుసులు వేసి, గొంతెత్తి, తమ బలమును చాటుచుండిరి. వీరు గొంతు తగ్గించి, అరుగుమీద కూర్చుండి కబుర్లు చెప్పుకొనునట్లు పలికిరి. అట్టపై పచ్చని, పసుపుపచ్చని రంగులును, పూలును వేయించిరి. తాము చెప్పు ‘డైసీ’ యుగము పూవు పేరు గాదనియు, అంతరంగపు నాదము అను ఇంగ్లీషు మాటల మొదటి అక్షరముల కూర్పనియు చెప్పుకొనిరి. పత్రికలు మాత్రము వీరిని 1960ల నాటి హిప్పీల సంతానముగా ముద్రవేసినవి. వేషమును జూచి మనిషిని తూచు ఆ అలవాటుపై ఎత్తిపొడుపే ‘మీ మైసెల్ఫ్ అండ్ ఐ’. చిత్రమేమనగా, ఆ పాటయే వీరి పాటలన్నింటిలో మిక్కిలి జనాదరణ పొందినది. ఆ ముద్రతో విసిగి, 1991లో తెచ్చిన రెండవ ఆల్బమునకు ‘డి లా సోల్ చనిపోయినది’ అను అర్థము వచ్చు పేరుపెట్టి, దాని అట్టపై పగిలి ఒరిగిన పూలకుండీని వేయించిరి.

ఇది కేవలము వేడుక సంగీతమని తలపరాదు. ‘ఘెటో థాంగ్’ నల్లజాతి పేదవాడల దుఃస్థితిని జాలిచూపుల కొరకు గాక, ఉన్నది ఉన్నట్లు చెప్పును. ‘సే నో గో’ మాదకద్రవ్యముల పాలైన సంసారములలో పుట్టు పసివారిని గూర్చి హెచ్చరించును. వెనుక మాత్రము హాల్ అండ్ ఓట్స్ వారి ఇంపైన పాట ముక్క నడచుచుండును. ఆ వైరుద్ధ్యము వలన మాట మరింత గ్రుచ్చుకొనును. ‘ట్రెడ్ వాటర్’ పాటలో మొసలి, ఉడుత, చేప, కోతి ఒక్కొక్కటిగా ఎదురై బ్రతుకుబుద్ధి చెప్పును. పంచతంత్రము వినిన మన పిల్లలకు దానిని వివరింప నక్కరలేదు.

దోషములు లేవా? కలవు. 24 ఖండికలతో గంటకు మించి సాగు ఈ ఆల్బములో, నడుమ నడుమ ఒక ఉత్తుత్తి ప్రశ్నల పోటీ వచ్చుచుండును. కోడికి ఈకలెన్ని అనునట్టి ప్రశ్నలు మొదటిమారు నవ్వించును, మూడవమారు విసిగించును. ఈ నాటకపు తుంటలను తరువాతి హిప్ హాప్ వారెందరో అనుకరించిరనుట నిజమే గాని, అనుకరణ పొందుట గుణమునకు ప్రమాణము గాదు. ఇంటిల్లిపాది కలిసి వినదగని ఖండిక లొకటి రెండు గలవు. మనుమడు వానిని నా యెదుట దాటించినాడు, నేను తరువాత తెలిసికొంటిని. వారి పలుకులలో తమలో తమకే తెలిసిన మాటలు హెచ్చు. కొన్నిచోట్ల అది చమత్కారము, కొన్నిచోట్ల తలుపు మూయుట. ఈ దోషము లెన్నియున్నను, ఇరువది యేండ్లప్రాయపు పిల్లల తొలి ప్రయత్నములో ఇంతటి స్వేచ్ఛ అరుదు.

ఇక పొరుగింటి దండెము కథ. ఆల్బములో ‘ట్రాన్స్‌మిటింగ్ లైవ్ ఫ్రమ్ మార్స్’ అను నిమిషమునకు కొంచెము మించిన చిన్న ఖండిక గలదు. ఫ్రెంచి భాష నేర్పు రికార్డులోని మాటల వెనుక, టర్టిల్స్ అను బృందము 1968లో పాడిన ‘యు షోడ్ మీ’ పాట ముక్కను నెమ్మది చేసి త్రిప్పిరి. ఇతర ముక్కలు కొన్నింటికి రికార్డు సంస్థ అనుమతి సంపాదించినను దీనికి సంపాదింపలేదు. 1991లో టర్టిల్స్ గాయకులు వ్యాజ్యము వేసిరి; అది కోర్టు వెలుపల రాజీతో ముగిసినది. ఆ పాటను రచించినవారు టర్టిల్స్ కారు. రాజర్ మెక్‌గ్విన్, జీన్ క్లార్క్ అనువారు. పరుల పాటను పాడినవారే తమ పాట తీసికొన్నారని వ్యాజ్యమాడుట వింతగా తోచవచ్చును. కాని న్యాయము అంత సులభము గాదు. పాట వేరు, దానిని పాడి అచ్చొత్తిన రికార్డు వేరు. రెండింటికి వేరువేరు హక్కులు గలవు. పరుల పాటను పాడుకొనుటకు నిర్ణీత ప్రతిఫలము చెల్లించు మార్గము ఉండెను. పరుల రికార్డును కత్తిరించుటకు అట్టి మార్గమేదియు లేకుండెను. టర్టిల్స్ వారి కంఠము వారి చెమట. అడుగకుండ తీసికొనుట తప్పే యని నేనందును.

ఇంకొక సంగతి. ‘పాట్‌హోల్స్ ఇన్ మై లాన్’ అని ముందు పేర్కొన్న పాట ఏమి చెప్పుచున్నది? తమ పచ్చికబయలులో ఇతరులు గుంతలు త్రవ్వుచున్నారని, అనగా ఇతర కవులు తమ మాటల పోకడను దొంగిలించుచున్నారని మొర. మాటను దొంగిలించుట నేరమని పాడిన నోరే, నాదమును అడుగక తీసికొనుటలో దోషమెంచలేదు! ఈ పొరపాటు వారి ఒక్కరిదే కాదు. మాటకు యజమాని యున్నాడని అందరికి తెలియును. మ్రోగి గాలిలో కలిసిపోవు నాదమునకు యజమాని యున్నాడని మనస్సునకు తట్టదు.

ఇక్కడ మన పెద్దల పద్ధతి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. పాత భజన పాటల పుస్తకములలో పాటకు పైన ‘ఫలాని పాట వరుస’ అని అచ్చువేయువారు. క్రొత్త మాటలకు పాత బాణీని వాడుకొనుటలో వారికి సిగ్గు లేదు, దాపరికము లేదు. ఎవరి వరుసయో ముందే చెప్పి ఋణము ఒప్పుకొనువారు. అందులో డబ్బు లెక్క లేదు. ఈనాటి వ్యాపారమునకు ఆ ఒప్పుకోలు మాత్రము చాలదు, నిజమే. కాని వాడుకొనుటకు స్వేచ్ఛ, పేరు చెప్పుటకు బాధ్యత - ఈ రెండును విడదీయరానివని ఆ చిన్న పంక్తి బోధించుచున్నది. ఈ ఆల్బము విషయమున లోపించినది ఆ పంక్తియే.

లోపమునకు చెల్లించిన మూల్యము మాత్రము తప్పునకు మించినది. 1991 డిసెంబరులో న్యూయార్కు కోర్టు, బిజ్ మార్కీ అను వేరొక కళాకారుని వ్యాజ్యములో, అనుమతి లేని శాంప్లింగును దొంగతనమును నిషేధించు బైబిలు ఆజ్ఞతో మొదలుపెట్టి ఖండించినది. అటుపై ముక్కముక్కకు వెల కట్టవలసి వచ్చి, ఇన్ని ముక్కల బొంతను కుట్టుట మోయరాని ఖర్చైనది. డి లా సోల్ వారికి మరియొక చిక్కు. 1980ల చివర వ్రాసికొన్న అనుమతిపత్రములలో రికార్డులు, క్యాసెట్ల మాట యున్నదే గాని, ముందు రాబోవు ఇంటర్నెట్టు మాట లేదు. అందువలన లోకపు పాటలన్నియు ఫోనులలోనికి చేరుచుండగా వీరి తొలి ఆల్బములు బయటనే నిలిచిపోయినవి. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, తాను శాశ్వతముగ భద్రపరుపదగిన ధ్వనుల 2010వ సంవత్సరపు జాబితాలో ఈ ఆల్బమును చేర్చినది. జాతి సంపదయని దాచబడిన దానిని జాతి పిల్లలు తమ ఫోనులో వినలేకపోయిరి! 2014లో ప్రేమికుల దినమున వీరు తమ పాటలను 25 గంటలపాటు ఉచితముగ పంచిపెట్టిరి. హక్కులు చేతులు మారి, 2021లో టామీ బాయ్ సంస్థను రిజర్వాయర్ అను సంస్థ కొన్న పిదప చిక్కుముడి విడినది. 2023 మార్చి 3వ తేదీన, ఆల్బము పుట్టిన 34 ఏండ్లకు సరిగా అదే దినమున, ఇంటర్నెట్టులో వెలువడినది. జోలికోర్ మాత్రము దానిని చూడలేదు. అంతకు మూడు వారములైన నిండక మునుపే, ఫిబ్రవరి 12వ తేదీన, 54వ యేట కన్నుమూసినాడు.

ఆ నడుమ వారొక పని చేసిరి; నేతపనివారి బిడ్డనగు నాకది విశేషముగ నచ్చినది. 2015లో శ్రోతలనే అడుగగా పదకొండు వేలమందికి మించి చందాలిచ్చిరి; 6 లక్షల డాలర్లు దాటినవి. ఆ ధనముతో వాద్యగాండ్రను కూర్చుండబెట్టి, సుమారు 200 గంటల సంగీతమును స్వయముగ వాయింపించుకొని, దానినుండి తమకు కావలసిన ముక్కలను కత్తిరించుకొని 2016లో ఆల్బము చేసిరి. పరుల చీరలు దొరకనప్పుడు తామే మగ్గముపై నేసికొని, నేసిన గుడ్డను కత్తిరించి బొంత కుట్టిరన్నమాట. పనితనమున అది గొప్పది. ఐనను తొలి బొంతలోని వెచ్చదనము అందులో నాకు దొరకలేదు. కట్టి విడిచిన చీరకు ఒంటి మెత్తదనముండును. క్రొత్తగుడ్డకు అది రాదు. పెద్దల పాటలు తమవే యన్న చనువు తొలి ఆల్బమునకు ప్రాణము. ఆ చనువును చట్టము హరింపరాదు, పిల్లలు దుర్వినియోగము చేయరాదు. ఈ రెండింటి నడుమ దారి యొకటి ఉండవలెను.

ఆల్బము ముగిసిన పిమ్మట మనుమడు నన్నొక కోరిక కోరినాడు. అటుకమీది పెట్టెలో మా నాయనగారి గ్రామఫోను ప్లేట్లున్నవి కదా, వానిలోని నాటకపద్యపు రాగమొకటి తీసి తన మిత్రులతో కలిసి క్రొత్తపాట చేయవచ్చునా యని. ఒక సంవత్సరము క్రిందట ఐనచో కోపగించి యుందును. ఈమారు నిచ్చెన వేయించి పెట్టె దింపించితిని. ఒక ప్లేటు వాయించి చూడగా కంఠము నేటికిని ఖంగుమన్నది. “ఎవరు పాడిండ్రు తాతా?” అని వాడడిగినాడు. ప్లేటు నడిమి కాగితము అరిగిపోయి పేరు కనబడుట లేదు. మా నాయనగారికి తెలియును, నేనెన్నడు నడుగలేదు. వరుస వ్రాయవలెనని వానికి బోధింప బోయిన నాకే వ్రాయుటకు పేరు లేకపోయినది.

కావున ఈ సంచిక చదువు కుటుంబములవారికి ఒక్క విన్నపము. ఇంట పాత ప్లేట్లు, క్యాసెట్లు ఉన్నచో దింపి తుడువుడు. పాడినదెవరో, కొన్నదెవరో, ఎన్నడు వినిరో తెలిసిన పెద్దలుండగనే అడిగి, చీటీ వ్రాసి అంటింపుడు. పిల్లలు వానిని కత్తిరింపబోయినచో అడ్డుపడకుడు. ఎవరి కంఠమో మాత్రము చెప్పి యిండు.